చెలమ నీళ్లు, పట్నం మురుగు

గండి దగ్గర పాపాఘ్ని ఇసుకలో ఒక అవ్వ చెలమ తోడుతోంది. రెండు చేతులతో ఇసుక లాగి పక్కన పోస్తోంది. మోకాటి లోతు దిగేసరికి అడుగున తడి కనిపించింది, తర్వాత నీళ్లు ఊరాయి. మొదట ఊరినవి బురదగా ఉంటే కొబ్బరిచిప్పతో ముంచి దూరంగా చల్లేసింది. రెండోసారి ఊరినవీ చల్లేసింది. మూడోసారికి గుంత అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా నీళ్లు నిలిచాయి. అప్పుడు బిందె మూతికి పాత పంచె ముక్క కట్టి, చిప్పతో నిదానంగా పోయడం మొదలుపెట్టింది.

"ఊర్లో కొళాయి వస్తాది గదా అవ్వా, ఇంత దూరం ఎందుకు?" అని అడిగాను.

"వస్తాది నాయనా, రాక ఏమి? ఆ నీళ్లు వాడుకకు. బోరు నీళ్లకు పప్పు ఉడకదు. ఏటి నీళ్లయితే కట్టె సగం కాలేలోపే మెత్తబడతాది."

బోరు నీటిలో సున్నం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే కందిపప్పు గట్టిగానే ఉండిపోతుందని పుస్తకాలు చెబుతాయి. అవ్వకు ఆ సంగతి కుండ చెప్పింది. ఈ కథనం మొదలుపెట్టాల్సింది ఆ చెలమ దగ్గరే అనిపించింది. ఏటి ఇసుక కింద పారే నీటిని నమ్ముకుని బతికే ఊళ్లకు, ఎగువన దిగువన ఉన్న పట్టణాల మురుగుకు మధ్య సంబంధాన్ని ఇంత దగ్గరగా చూపించే చోటు మరొకటి దొరకదు.

చక్రాయపేట మండలం పులివెందుల నియోజకవర్గంలో ఒక అంచున ఉంటుంది. వేంపల్లె వైపు నుంచి వస్తే ముందు గండి తగులుతుంది. మారెళ్లమడక దగ్గర కొండల వరసను పాపాఘ్ని నిలువునా చీల్చుకుని బయటపడే చోటు అది. కొండకు పడిన గండి కాబట్టి ఆ పేరు. ఏటి ఒడ్డున వీరాంజనేయస్వామి గుడి ఉంది. రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుడి రూపం గీశాడనీ, ఎడమచేతి చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందనీ చెప్పుకుంటారు. తర్వాత వ్యాసరాయలు ఆ వేలిని చెక్కబోతే నెత్తురు వచ్చిందట. బ్రిటిష్ కాలపు అధికారి సర్ థామస్ మన్రోకు ఈ గండిలో బంగారు తోరణం కనిపించిందన్న కథ జిల్లాలో తెలియని ఇల్లు లేదు. శ్రావణ శనివారాల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజుల్లో గండి ఒక చిన్న పట్టణమే. తలనీలాలు, స్నానాలు, వంటలు, విస్తళ్లు, మరుగుదొడ్లు, అన్నీ ఏటి ఒడ్డునే.

పాపాఘ్ని అంటే పాపాన్ని పోగొట్టేది. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, చిక్కబళ్లాపురం జిల్లా దాటి, మన గాలివీడు దగ్గర వెలిగల్లు ఆనకట్టలో ఆగి, చక్రాయపేట నేల మీదుగా గండి చేరుతుంది. వేంపల్లెను తాకుతూ వెళ్లి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. వెలిగల్లు నిండి గేట్లెత్తితేనో, గట్టి వాన పడితేనో తప్ప పైన నీళ్లు కనిపించవు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇది ఇసుక ఏరు. అయినా ఏరు చచ్చిపోయిందని ఇక్కడ ఎవరూ అనరు. ఇసుక కింద పారుతోందని తెలుసు. చెలమలు, ఊటబావులు, ఏటిలో దించిన బోర్లు ఆ నమ్మకం మీదే నిలిచాయి.

ఇసుక ఏటికి ఒక గుణం ఉంది. నిండుగా పారే నదిలో మురుగు కలిస్తే కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, నాలుగు మైళ్లు పోయాక పలచబడుతుంది. ఇసుక ఏటిలో కలిసిన మురుగు నాలుగు బారలు పారి ఇంకిపోతుంది. పైన తెల్లటి ఇసుకే కనిపిస్తుంది. చెత్తను, బురదను ఇసుక పట్టి ఉంచుతుంది కానీ, నీటిలో కరిగిన నైట్రేటును, ఉప్పును పట్టలేదు. ఒడ్డున మురుగు ఎక్కువై, బావి దగ్గరై ఉంటే రోగకారక క్రిములూ దాటి వస్తాయి. పట్టణం వదిలించుకున్నది దిగువన ఎవరి బిందెలోనో తేలుతుంది.

ఈ ఏటి పుట్టుక దగ్గర జరిగిన ఒక పెద్ద ప్రయోగం సంగతి మన వాళ్లు తప్పక తెలుసుకోవాలి. చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాలు మనలాగే కరువు సీమ. చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురం వైపు ఇళ్లలో మాట్లాడేది తెలుగే. బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని ఆ నేలకు కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపింది. కోరమంగళ, చల్లఘట్ట లోయల శుద్ధి కేంద్రాల నుంచి రోజుకు 440 మిలియన్ లీటర్లు కోలారు చెరువులకు. హెబ్బాళ, నాగవార లోయల నుంచి 210 మిలియన్ లీటర్లు చిక్కబళ్లాపురం వైపు చెరువులకు. మొదటి నీళ్లు 2018 జూన్‌లో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువును చేరాయి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులో నీళ్లు చూసి జనం పండగ చేసుకున్నారు. జూలైలో అదే చెరువులో తెల్లటి నురగ లేచింది. పంపింగ్ ఆగింది, కోర్టుల్లో వాదనలు నడిచాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి నీళ్లు మళ్లీ పారాయి.

ఆ నీళ్లతో చెరువులు నిండాయి, చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీటిమట్టం లేచింది. ఇది నిజం. నీటిని రెండో దశ వరకే శుద్ధి చేసి వదులుతున్నారనీ, మూడో దశ శుద్ధి కూడా చేయాల్సిందేననీ అక్కడి రైతు ఉద్యమకారులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఇదీ నిజం. రెండింటినీ కలిపి చూడగలిగితేనే మన పట్టణాల గురించి మాట్లాడే అర్హత వస్తుంది. శుద్ధి చేసిన మురుగునీరు కరువు నేలకు వరం కాగలదు. ఎంతవరకు శుద్ధి చేశారన్నదాని మీదే ఆ వరం నిలుస్తుంది. బెంగళూరు నీళ్లు నేరుగా గండికి పారి రావు, మధ్యలో ఎన్నో చెరువులు, వెలిగల్లు ఆనకట్ట ఉన్నాయి. అయినా ఈ ఏటి తల్లిగడ్డ మీద ఒక మహానగరపు వాడిన నీళ్లు ఇంకుతున్నాయన్న సంగతి దిగువనున్న వాళ్లం మరిచిపోకూడదు.

ఇక మన వైపు చూద్దాం.

2011 జనగణనలో పులివెందుల జనాభా 65,706. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది కేంద్రం ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే ఆనాటి జనాభాకే రోజుకు 71 లక్షల లీటర్లు. ప్రొద్దుటూరులో శివార్లతో కలిపి జనం రెండు లక్షల పైచిలుకు, అదే లెక్కన రెండు కోట్ల లీటర్లు దాటుతుంది. జమ్మలమడుగుది దాదాపు 50 లక్షలు. రాష్ట్రంలో భూగర్భ డ్రైనేజీ పడిన కొద్ది పట్టణాల్లో పులివెందుల ఒకటి. పెన్న ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల సంగతి ఆ వీధి కాలవల వెంట నడిచిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. పెన్నకు ఎగువ నుంచి వచ్చి కలిసే కుందూ పరిస్థితి కాగితాల మీదే ఉంది. దేశంలో కాలుష్యం పాలైన 351 నదీ భాగాల జాబితాను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ప్రకటించినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎక్కిన ఐదు నదుల్లో గోదావరి, కృష్ణ, తుంగభద్ర, నాగావళితో పాటు కుందూ కూడా ఉంది. నంద్యాల వాడి వదిలిన నీళ్లు ప్రొద్దుటూరు పొలాల వైపు పారుతున్నాయి.

రాష్ట్రం మొత్తం మీద లెక్క ఇంకా బరువైనది. అదే మండలి 2020-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల మురుగు రోజుకు 2,882 మిలియన్ లీటర్లు. కట్టిన శుద్ధి కేంద్రాల సామర్థ్యం 833. అందులోనూ నిజంగా శుద్ధి అయ్యేది సగానికంటే తక్కువ. కేంద్రాలు కట్టకపోవడం ఒక లోపం. కట్టినవి నడపకపోవడం అంతకంటే పెద్ద లోపం, ఎందుకంటే డబ్బు ఖర్చయిపోయింది, నేల పోయింది, శిలాఫలకం పడింది, నీళ్లు మాత్రం నల్లగానే పారుతున్నాయి.

నడపడం అంటే ఏమిటో ఒక శుద్ధి కేంద్రంలో పొద్దుటి నుంచి సాయంత్రం వరకు నిలబడి చూశాను. మురుగు మొదట ఇనుప జల్లెడల మీదుగా వస్తుంది. షాంపూ కవర్లు, గుడ్డ పేలికలు, శానిటరీ ప్యాడ్లు, ఒక పిల్లాడి చెప్పు, అన్నీ అక్కడ ఆగుతాయి. వాటిని దంతెతో లాగి తొట్టిలో వేసే మనిషి ఉండాలి. తర్వాత ఇసుక తేరుకునే తొట్టి. ఆ తర్వాత పెద్ద గుండ్రటి ట్యాంకు, అడుగు నుంచి గాలి బుడగలు లేస్తుంటాయి. అసలు పని అక్కడ జరుగుతుంది. గాలి పీల్చుకున్న సూక్ష్మజీవులు మురికిని తింటాయి. ట్యాంకు పైన కట్ట మీద నిలబడితే కంపు ఉండదు, తడిసిన మట్టి వాసన వస్తుంది. ఆ వాసనే ట్యాంకు ఆరోగ్యం. ఆపరేటరు గాజు జాడీలో ఆ నీళ్లు పట్టి కిటికీలో పెట్టాడు. అరగంటకు గోధుమరంగు మడ్డి కిందికి దిగి, పైన నీరు తేటపడింది. మడ్డి ఎంతవరకు దిగిందో జాడీ మీది గీతను చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు. అవ్వ చెలమ దగ్గర చేసిన పనీ అదే కదా అనిపించింది. తేటపడేదాకా ఓర్చుకోవడం.

కరెంటు పోతే గాలి ఆగుతుంది. ఎక్కువసేపు ఆగితే ఆ జీవులు చస్తాయి, ట్యాంకు కుళ్లుతుంది, చుట్టుపక్కల ఊళ్లకు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మళ్లీ మామూలు కావడానికి వారాలు పడుతుంది. జెనరేటరు ఉన్నా డీజిల్‌కు డబ్బు కావాలి. మడ్డిని ఎప్పటికప్పుడు తీసి ఆరబెట్టకపోతే అదంతా బయటికి కొట్టుకొస్తుంది. ఇల్లు కట్టడానికి పెద్దలు డబ్బిస్తారు, సంసారం నడపడం మన చేతి కష్టం. శుద్ధి కేంద్రమూ అంతే. కేంద్ర పథకాలు కట్టుబడికి సొమ్మిస్తాయి. ప్రొద్దుటూరు లాంటి లక్ష దాటిన పట్టణాలకు అమృత్, పులివెందుల, జమ్మలమడుగు లాంటి లక్ష లోపు పట్టణాలకు 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ. ఏటేటా కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు మునిసిపాలిటీ మెడకే పడతాయి. ఇంటి పన్ను వసూలు కాని ఊళ్లో మొదట కోత పడేది ఎవరి కంటికీ కనపడని ఈ ట్యాంకు మీదే.

బయటికి వదిలే నీరు ఎంత శుభ్రంగా ఉండాలన్నదానికి చట్టం కొలత పెట్టింది. మురుగులో సేంద్రియ మురికిని బీవోడీ అనే లెక్కతో కొలుస్తారు. ఇంటి మురుగులో అది లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కేంద్రం 2017 అక్టోబర్ నోటిఫికేషన్‌లో చిన్న పట్టణాలకు 30, మహానగరాలకు 20 చాలన్నది. అంత సడలింపు పనికిరాదు, అందరికీ 10 ఉండాల్సిందేనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న చెప్పింది. నా మాట ఏమిటంటే, ఇసుక ఏళ్ల సీమకు 10 కూడా ఎక్కువే. పలచబరచడానికి పైన పారే నీళ్లు లేని చోట, వదిలిన నీరే ఏరు అవుతుంది.

ఈ శుద్ధి కేంద్రం ఎక్కడ కట్టాలి? మురుగు పల్లానికి పారుతుంది కాబట్టి పట్టణానికి దిగువన, వంక ఒడ్డున. ప్రభుత్వానికి చవగ్గా దొరికే నేలా అక్కడే ఉంటుంది, వంక పోరంబోకు, సర్కారు పేదలకు పంచిన డీకేటీ పట్టా భూములు. ఆ డీకేటీ నేల ఎవరిదో చూస్తే ఎక్కువగా దళితులది, భూమి లేని పేదలది. ఊరి మురుగు మోసే పని ఏ కులాల మీద పడిందో, మురుగు చేరే నేలా వాళ్ల వాకిట్లోకే రావడం న్యాయం కాదు. దీన్ని గట్టిగా అడగాల్సిన వేదిక కూడా చట్టంలో సన్నగా ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో పట్టణ మురుగు శుద్ధి కేంద్రానికి విడిగా పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా తప్పనిసరి కాదు. 1974 నీటి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉంటే చాలు. ఆ సమ్మతి ఫైలు ఊళ్లోవాళ్లకు కనిపించదు. పథకం వాళ్లకు జేసీబీ వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఈ ప్రాంతపు జనం "మంచికే కడుతున్నాం" అన్న మాటను వెంటనే నమ్మరు. అందుకు కారణం పక్క మండలంలోనే ఉంది. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాలు నిలువ చేసే టెయిలింగ్ పాండ్ వల్ల తమ బోర్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండాయని కె.కె. కొట్టాల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో ఆ కర్మాగారం నడిపే సంస్థకు నోటీసు కూడా ఇచ్చింది. ఇంటి మురుగుకు, యురేనియం వ్యర్థానికి పోలిక లేదు. అయినా ఒకసారి బోరు మీద నమ్మకం పోయిన రైతుకు చెరువు లాంటి ఏ గుంతను చూసినా గుండె జారుతుంది. ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టేసే అధికారి ఆ ఊరికి పనికిరాడు. కట్టే ముందే చుట్టూ బోర్లలో నీటిని పరీక్షించి, ఆ ఫలితాలను ఊరి సచివాలయం గోడ మీద తెలుగులో అంటించి, కట్టిన తర్వాత మూడు నెలలకోసారి అదే బోర్లను మళ్లీ పరీక్షించి పక్కనే అంటిస్తే, మాటలతో రాని నమ్మకం ఆ గోడ మీద వస్తుంది.

పని చేసే మనుషుల సంగతి చెప్పకపోతే ఇది సగం కథే. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దిగి చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబర్‌లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగిందంటేనే చావులు ఆగలేదని అర్థం. చిన్న ఊళ్లలో పైపులైన్లు లేవు, సెప్టిక్ ట్యాంకులే. నిండినప్పుడు ట్యాంకరు వచ్చి పీల్చుకుపోతుంది. రాత్రిపూట ఆ మడ్డిని ఏ వంకలో, ఏ చెరువు కట్ట కింద వదులుతారో ఎవరూ అడగరు. ఈ మలమడ్డిని మాత్రమే శుద్ధి చేసే చిన్న కేంద్రాలు ఉన్నాయి. దేశంలో పట్టణ స్థాయిలో మొదటిది 2015లో నంది కొండలకు దగ్గర్లోని దేవనహళ్లిలో వచ్చింది. మన రాష్ట్రంలో నరసాపురం అలాంటిది కట్టుకుంది. భూగర్భ డ్రైనేజీకి కోట్లు వచ్చేదాకా వేంపల్లె లాంటి పెద్ద పంచాయతీలు కాచుకుని కూర్చోనక్కర్లేదు. ముందు ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతోందో తేలిస్తే ఏటికి సగం మేలు.

శుద్ధి అయిన నీటిని ఏం చేయాలన్న చోట నాకు ఆశ ఎక్కువ. ఇది అరటి, చీనీ తోటల సీమ. ఎకరాకు 1,200 అరటి చెట్లు, ఎండాకాలంలో చెట్టుకు డ్రిప్పులో రోజుకు 20 లీటర్లు అనుకుంటే ఎకరాకు 24 వేల లీటర్లు. పులివెందుల పట్టణం రోజూ వదిలే 71 లక్షల లీటర్లు దాదాపు 300 ఎకరాల అరటికి సరిపోతాయి. వానొచ్చినా రాకపోయినా, ప్రాజెక్టు నిండినా నిండకపోయినా వచ్చే నీళ్లివి. చిత్రావతి రిజర్వాయరు నుంచి తెచ్చిన నీటిని పట్నం ఒకసారి వాడుకుంటే, రైతు రెండోసారి వాడుకోవచ్చు. చీనీ చెట్టు చచ్చిపోతుంటే ట్యాంకర్లతో నీళ్లు తోలుకుని అప్పులపాలైన కుటుంబాలను చూసినవాడికి ఈ లెక్క కాగితం మీది అంకె కాదు.

అయితే దీనికి హెచ్చరిక హైదరాబాదులో ఉంది. అంబర్‌పేటలో 339 మిలియన్ లీటర్ల భారీ కేంద్రం ఉన్నా, మూసీలో శుద్ధి కాని మురుగు కలుస్తూనే వచ్చింది. దిగువన పీర్జాదిగూడ, కొర్రెముల వైపు రైతులు ఆ నీటితోనే దశాబ్దాలుగా సేద్యం చేశారు. వరి దెబ్బతిన్న చోట పారా గడ్డి వేసి నగరం గేదెలకు అమ్మి బతికారు. ఎండిపోని నీళ్లు వాళ్లకు జీవనాధారం అయ్యాయి. చేలో దిగిన కాళ్లకు దురదలు, పుండ్లు కూడా అదే నీళ్లిచ్చాయి. మడి దున్నే మనిషి ఒంటికి ఏమవుతుందో చూడకుండా మురుగులో ఎరువు ఉందని పొగిడే వాళ్లంటే నాకు కోపం. డ్రిప్పు ఉంటే చేతికి, ఆకుకు నీళ్లు తగలవు. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీరు పెట్టకూడదు. ఉప్పు పేరుకోకుండా రెండు మూడేళ్లకోసారి మట్టి పరీక్ష చేయించాలి. ఇవి రైతుకు చెప్పి, నేర్పి, పక్కన నిలబడే మనిషిని పెట్టాలి.

చక్రాయపేటకు పెద్ద శుద్ధి కేంద్రం రాదు, అవసరమూ లేదు. కుళాయి నీళ్లు ఇంటింటికీ వస్తున్న కొద్దీ పల్లె వీధుల్లోనూ మురిక్కాలవలు పెరిగాయి, అవి చివరికి వాగులోకే పోతున్నాయి. వాగు చేరే ముందు రెండు వరస గుంతలు, వాటిలో జమ్ము, తుంగ పెంచితే సగం మురికి అక్కడే ఆగుతుంది. ఇంటి వెనక ఇంకుడు గుంత, దాని పక్కన రెండు అరటి పిలకలు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. గండికి మాత్రం శ్రావణ మాసం ముందే వేరే ఏర్పాటు కావాలి. మరుగుదొడ్లు ఇసుకకు దూరంగా కట్టాలి. నిండిన ట్యాంకులను ఏటి వైపు కాకుండా మోసుకుపోయే బండి ఉండాలి. దేవుడి దగ్గర పాపం కడుక్కోవడానికి వచ్చినవాళ్ల మలినం అవ్వ చెలమలో ఊరకూడదు.

పొద్దు వంగింది. గుడి మైకులో హారతి పాట మొదలైంది. అవ్వ బిందె నిండింది. చుమ్మ తల మీద పెట్టుకుని, నన్ను సాయం పట్టమంది. బిందె ఎత్తి పెట్టాను, చల్లటి నీళ్లు మోచేతి దాకా కారాయి. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. కుక్కలు దిగుతాయని, ఒడ్డున పడి ఉన్న కంపను కాలితో లాగమంది నాతో. చెలమ మీద కప్పాను. రేపు పొద్దున తనకంటే ముందు ఎవరైనా వస్తే తీసుకుంటారు కదా అని, కొబ్బరిచిప్పను కంప పక్కనే బోర్లించి పోయింది.